కుక్క చూలుతో ఉంటే పిల్లలు పుట్టేలోపు ఏం చేయాలి?

ముందు చేయాల్సింది, కుక్కను మగకుక్కతో దాటించిన (జతకట్టించిన) తేదీని క్యాలెండర్‌లో రాసి పెట్టుకోవడం. తర్వాతి లెక్కలన్నీ దాన్ని బట్టే. సుమారు 63 రోజులకు ఈనుతుంది. ఐదు రోజులు అటూ ఇటూ అయినా కంగారుపడక్కర్లేదు.

పొట్ట చూసి నమ్మేయకండి. చూలు నిలవకపోయినా కొన్నిటికి పొట్ట పెరుగుతుంది, పాలు కూడా వస్తాయి. 28 రోజులు దాటాక పశువుల డాక్టర్ దగ్గర స్కానింగ్ చేయిస్తే తేలిపోతుంది. 55వ రోజు దాటాక ఎక్స్‌రే తీయిస్తే పిల్లల్ని లెక్కపెట్టవచ్చు. ఐదని ముందే తెలిస్తే, నాలుగు పుట్టాక అర్ధరాత్రి "అయిపోయిందా, ఇంకా ఉందా" అనే టెన్షన్ ఉండదు.

మొదటి ఐదు వారాలు మామూలు తిండే చాలు. ఆరో వారం నుంచి మెల్లగా పప్పీ ఫుడ్‌కు మార్చి, కొంచెం కొంచెంగా మూడు నాలుగుసార్లు పెట్టండి. అప్పుడు పెరుగన్నం ఒక్కటే పెడితే చాలదు. చాలామంది చేసే పొరపాటు, బలానికని కాల్షియం సీసా తెచ్చి పోయడం. ఇలా చేస్తే ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే అలవాటు ఒంటికి తగ్గుతుంది. ఈనాక పాలకు ఒక్కసారిగా అవసరం పెరిగేసరికి రక్తంలో కాల్షియం పడిపోయి, వణుకు, ఫిట్స్ వస్తాయి. ప్రాణాపాయమే. డాక్టర్ చెబితే తప్ప ఇవ్వొద్దు.

ఈనడానికి పది రోజుల ముందే, మనుషులు తిరగని మూలలో అంచులున్న పెట్టె పెట్టి పాత దుప్పట్లు పరవండి. అక్కడే పడుకోవడం అలవాటు చేయండి. లేదంటే మీ మంచం కిందే ఈనుతుంది.

57వ రోజు నుంచి ఉదయం, సాయంత్రం మలద్వారంలో థర్మామీటర్ పెట్టి చూడండి. మామూలుగా 101 డిగ్రీల ఫారెన్‌హీట్ పైనే ఉండేది 99 కంటే తగ్గితే, చాలావరకు ఒక రోజులోపే నొప్పులు మొదలవుతాయి. రాత్రిపూట ఫోన్ ఎత్తే డాక్టర్ నంబర్ అప్పటికే దగ్గర ఉండాలి.

నొప్పులప్పుడు చుట్టూ జనం చేరకండి. పిల్ల ఒంటి చుట్టూ ఉండే పొరను తల్లి చింపకపోతే మాత్రం మీరే వెంటనే చింపి, పిల్ల ముక్కూ నోరూ తుడిచి, పొడి గుడ్డతో రుద్దండి. గట్టిగా ముక్కుతూ అరగంటైనా పిల్ల రాకపోయినా, లోపల ఇంకా ఉన్నాయని తెలిసీ రెండు గంటలు గడిచినా, మొదటి పిల్లకు ముందే ఆకుపచ్చ స్రావం కనిపించినా డాక్టర్ దగ్గరకు పరుగెత్తాల్సిందే.

పుట్టిన ప్రతి పిల్లా మొదటి రోజే ముర్రుపాలు తాగాలి. ఫ్యాన్ గాలి నేరుగా తగలనివ్వకండి. తొలి వారాల్లో వాటి ఒళ్లు తనంతట తాను వెచ్చగా ఉండలేదు. వంటింటి త్రాసులో రోజూ తూచి రాసుకోండి. బరువు పెరగని పిల్లే ముందు డాక్టర్‌కు చూపించాల్సింది.