పరుగెత్తాక కాలి ముందు ఎముక సలుపు: నాకు పనిచేసిన ఐస్ కప్పు

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసేవాళ్లు చాలామంది ఈ సలుపుకి ఏం చేయాలని అడుగుతున్నారు. మూడో వారం నుంచి నాకు మోకాలి కింద, ఎముక లోపలి అంచు వెంబడి సలుపు మొదలైంది. నొక్కితే జానెడు మేర నొప్పి.

స్ప్రే, బామ్, క్రేప్ బ్యాండేజీ, కొత్త బూట్లు: ఏవీ పనిచేయలేదు.

చివరికి చేసింది ఇది. పేపర్ టీ కప్పులో ముప్పావు వంతు నీళ్లు పోసి రాత్రి ఫ్రీజర్‌లో పెట్టాను. పరుగు అయ్యాక కాలు చాపి, కింద తువ్వాలు వేసుకుని, కప్పు అంచు రెండు వేళ్ల మేర చించాను. అడుగు భాగం పట్టుకోవడానికి ఉంటుంది. ఐస్‌ని ఒకసారి నీళ్లతో తడపాలి, లేకపోతే చర్మానికి అతుక్కుంటుంది. తర్వాత చిన్న సున్నాలు చుడుతూ రుద్దాను. ఒక్కచోట ఆపకూడదు, ఇదే ముఖ్యం. ముందు చల్లగా, తర్వాత మంటగా, ఆ తర్వాత లాగినట్టు ఉంటుంది. తిమ్మిరెక్కగానే ఆపేశాను. నాకు ఆరేడు నిమిషాలు పట్టింది, పది దాటనివ్వకండి. తిమ్మిరితో మళ్లీ పరుగెత్తొద్దు.

రెండు వారాల్లో నొప్పి తగ్గింది. అయితే అప్పుడే పరుగు సగానికి తగ్గించి, తారు రోడ్డు వదిలి మట్టి గ్రౌండ్‌కి మారాను. ఐస్ నొప్పిని ఆపింది, మాన్పింది మాత్రం విశ్రాంతే అనుకుంటున్నాను. 1978లో దెబ్బలకు ఐస్ పెట్టే పద్ధతిని ప్రచారం చేసిన అమెరికా క్రీడా వైద్యుడు డాక్టర్ గేబ్ మిర్కిన్ కూడా, ఐస్ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తర్వాత రాశారు.

నొప్పి వేలికొన అంత చోటే ఉన్నా, రాత్రి పడుకున్నా సలుపుతున్నా ఎముకలో చీలిక కావచ్చు, డాక్టర్‌కి చూపించండి. షుగర్ వల్ల కాళ్లకు స్పర్శ తగ్గినవాళ్లు ఇది చేయొద్దు.