91ని పట్టిచ్చిన చింతపిక్కలు

విశాఖపట్నం గాజువాకలో నేను లెక్కలు చెప్పే ఆరో తరగతి పిల్లలు ప్రధాన సంఖ్య (1తోనూ, తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగింపబడని, 1 కంటే పెద్ద సంఖ్య) నిర్వచనాన్ని తడుముకోకుండా అప్పజెప్పేవారు గాని, 91 ఇస్తే మాత్రం అది ప్రధాన సంఖ్యేనని రాసేవారు. 2తోనూ, 3తోనూ, 5తోనూ భాగింపబడనిది ఇక దేనితోనూ భాగింపబడదన్నది వారి నమ్మకం. (పదమూడో ఎక్కం ఎవరికీ సరిగా రాదు కనుక, వంద లోపు ఇంతకంటే మంచి పరీక్ష లేదని నా అభిప్రాయం.)

నిర్వచనాన్ని పక్కనబెట్టి చింతపిక్కలు పంచాను. 12 పిక్కలను మూడు వరుసల్లో నాలుగేసిగానో, రెండు వరుసల్లో ఆరేసిగానో పేర్చవచ్చు. 13 పిక్కలు ఒకే వరుసగా తప్ప సమంగా అమరవు. 91 పిక్కలు ఏడు వరుసల్లో పదమూడేసి చొప్పున కుదిరేసరికి వాదన ముగిసింది.

ప్రతిసారీ పిక్కలు పేర్చలేము కనుక తరువాత ఒక హద్దు చెప్పాను: ఒక సంఖ్యను రెండు కారణాంకాల లబ్ధంగా రాస్తే, వాటిలో చిన్నది ఆ సంఖ్య వర్గమూలాన్ని మించదు. 10 × 10 = 100 కాబట్టి, 100 లోపు ఏ సంఖ్యనైనా 2, 3, 5, 7లతో భాగించి చూస్తే చాలు. 97 ఈ పరీక్షకు నిలుస్తుంది. 1 నుంచి 100 వరకు సంఖ్యలు రాసి, ప్రధాన సంఖ్యలు కానివాటిని ఏరివేసే ఎరటోస్తనీస్ జల్లెడలోనూ ఈ నాలుగింటిని ఉంచి, వాటి మిగిలిన గుణిజాలను కొట్టివేస్తే, ఒకే భాజకం గల 1ని మినహాయించగా, 25 ప్రధాన సంఖ్యలు మిగులుతాయి.