మదర్‌బోర్డును మనమే అంచనా వేద్దాం – 3వ పాఠం: వీఆర్‌ఎం

కిందటి పాఠంలో చిప్‌సెట్లు, పీసీఐఈ లేన్ల పంపకం చూశాం. ఈసారి ప్రాసెసర్ సాకెట్ పక్కన హీట్‌సింకుల కింద ఉండే వీఆర్‌ఎం (వోల్టేజ్ రెగ్యులేటర్ మాడ్యూల్) సంగతి. పాఠం పూర్తయ్యేసరికి ఒక బోర్డు మీ ప్రాసెసర్‌కు చాలుతుందో లేదో మీరే కాగితం మీద లెక్క వేసుకోగలగాలి.

పవర్ సప్లై నుంచి ప్రాసెసర్ కోసం వచ్చేది 12 వోల్టులు. కోర్లకు కావలసింది అటూ ఇటుగా 1 నుంచి 1.4 వోల్టులే. వోల్టేజీని అంత కిందికి దించే పని వీఆర్‌ఎంది. పవర్ అంతే ఉండి వోల్టేజీ తగ్గితే కరెంటు పెరుగుతుంది కాబట్టి ఇక్కడ ఆంపియర్ల లెక్క ముఖ్యం.

ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లు కూర్చునే ఏఎం5 సాకెట్‌నే తీసుకుందాం. రైజెన్ 9 7950ఎక్స్‌కు టీడీపీ (కూలర్ ఎంపిక కోసం తయారీ సంస్థ ఇచ్చే వాట్ల అంకె) 170 వాట్లని రాసి ఉంటుంది. కానీ సాకెట్ నుంచి అది 230 వాట్ల దాకా లాగగలదు. ఏకధాటిగా 160 ఆంపియర్లు, క్షణకాలం 225 ఆంపియర్లు దాని పరిమితులు. అదే సాకెట్‌లో కూర్చునే 65 వాట్ల రైజెన్ 5 7600కి పరిమితి 88 వాట్లు, 75 ఆంపియర్లు. సగం కూడా లేదు. అందుకే “ఈ బోర్డు మంచిదేనా?” అని విడిగా అడిగితే జవాబు దొరకదు. ఏ ప్రాసెసర్‌కు అన్నది ముందు తేలాలి.

ఇక బాక్సు మీద కనిపించే 14+2+1 లాంటి అంకెలు. మొదటిది కోర్లకు కరెంటు ఇచ్చే ఫేజుల సంఖ్య, రెండోది ప్రాసెసర్‌లోని ఎస్ఓసీ భాగానికి (మెమరీ కంట్రోలర్ లాంటివి ఉండేది), మూడోది మిగతా చిన్న అవసరాలకు. ఒక్కో ఫేజులో కరెంటును వేగంగా తెరిచి మూసే పవర్ స్టేజ్, దాని పక్కన చదరంగా కనిపించే చోక్ (తీగచుట్ట), కెపాసిటర్లు ఉంటాయి. పీడబ్ల్యూఎం కంట్రోలర్ అనే చిప్ వాటిని వంతులవారీగా నడిపిస్తుంది. చాలా బోర్డుల్లో కంట్రోలర్ ఒకే సిగ్నల్‌తో రెండు స్టేజీలను కలిపి నడుపుతుంది. అప్పుడు 14 అని రాసి ఉన్నా విడి వంతులు 7 మాత్రమే. ఇందులో మోసం లేదు, కరెంటు 14 చోట్లకు పంచుకోవడం నిజమే, వేడీ పరుచుకుంటుంది. కాకపోతే చోక్‌లు లెక్కపెట్టి రెండు బోర్డులను పోల్చడం మానేయండి.

ఇప్పుడు లెక్క. 160 ఆంపియర్లను 14 స్టేజీలు పంచుకుంటే ఒక్కోదానికి సుమారు 11.4. ఎనిమిదే ఉంటే 20. ఆరే ఉంటే దాదాపు 27. స్టేజ్ మీద 60 లేదా 80 ఆంపియర్లని రేటింగ్ ఉంటుంది, కానీ అది చక్కగా చల్లబరిచినప్పటి మాట. 14ను 80తో గుణించి 1,120 ఆంపియర్లని మురిసిపోవద్దు, ఏ రైజెనూ అంత లాగదు. రేటింగులో చిన్న భాగంతోనే పని జరిగిపోతే వేడి తక్కువ పుడుతుంది. ఆ అంకె వల్ల మనకు ఒరిగేది అంతే. 7600 విషయానికి వస్తే ఆరు ఫేజుల బోర్డులో కూడా ఒక్కోదాని మీద 12.5 ఆంపియర్లే. దానికి 16 ఫేజుల బోర్డు కొనే డబ్బును గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టమని గట్టిగా చెబుతాను.

వేడి దగ్గర మాత్రం కాస్త ఆగాలి. వీఆర్‌ఎం 90 శాతం సామర్థ్యంతో 200 వాట్లు ఇస్తోందంటే దాదాపు 22 వాట్లు అక్కడే వేడిగా మారుతున్నాయి. హీట్‌సింకుకు నిజమైన రెక్కలున్నాయా, లేక నున్నటి లోహపు దిమ్మ మీద ప్లాస్టిక్ తొడుగా అని ఫొటోల్లో చూడండి. గాలి తగిలే ఉపరితలం ఎంతుందన్నదే అసలు విషయం. ఏఐఓ (పంపు, రేడియేటర్ కలిపి వచ్చే) లిక్విడ్ కూలర్ వాడేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. టవర్ కూలర్ ఫ్యాన్ వల్ల సాకెట్ చుట్టూ కాస్త గాలి ఆడుతుంది, ఏఐఓతో ఆ లాభం పోతుంది.

రివ్యూల్లో ఉష్ణోగ్రత చదివేటప్పుడు గది వేడి ఎంతో తప్పక చూడండి. 22 డిగ్రీల గదిలో 67 వచ్చిందంటే పెరిగింది 45. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గది 40 డిగ్రీలుంటే అదే బోర్డు 85కి చేరుతుంది. వేడెక్కినకొద్దీ పవర్ స్టేజీల్లో స్విచ్‌లుగా పనిచేసే మాస్‌ఫెట్ల నిరోధం పెరుగుతుంది కాబట్టి ఇంకా కొంచెం ఎక్కువే రావచ్చు. పవర్ స్టేజీలు సాధారణంగా 125 డిగ్రీల దాకా తట్టుకునేలా తయారవుతాయి, కానీ బోర్డు చూపించే రీడింగు తరచుగా వాటి పక్కనున్న సెన్సర్‌ది. అందుకే 90 లోపు ఉంటే నేను నిశ్చింతగా ఉంటాను. 100 దాటితే క్యాబినెట్‌లో గాలి మార్గం సరిచేయాల్సిందే.

బోర్డు ఇప్పటికే మీ దగ్గరుంటే ఈ వారమే పరీక్షించండి. సెన్సర్ల రీడింగులు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచి వీఆర్‌ఎం లేదా మాస్ అని ఉన్న రీడింగు చూడండి (చవక బోర్డుల్లో అది ఉండకపోవచ్చు). సినీబెంచ్ మల్టీకోర్ పరీక్షను అరగంట ఆగకుండా నడపండి. గది ఉష్ణోగ్రత, వీఆర్‌ఎం గరిష్ఠం, ప్రాసెసర్ ప్యాకేజీ పవర్ – మూడూ రాసుకోండి. పవర్ మొదట్లో ఎక్కువగా ఉండి, వీఆర్‌ఎం వేడెక్కాక ఉన్నట్టుండి పడిపోతే, ప్రాసెసర్ ఉష్ణోగ్రత మామూలుగానే ఉంటే, బోర్డే వెనక్కి లాగుతోందని అనుమానించవచ్చు.

ఇంకా కొననివాళ్లు మనసులో ఉన్న రెండు బోర్డుల మాన్యువళ్లు తయారీ సంస్థ సైటు నుంచి దించుకుని, పైన వేసిన లెక్క వాటికీ వేయండి. మెమరీ పేజీకి ఒక గుర్తు పెట్టుకోండి. రైజెన్ 7000కి రెండు డీడీఆర్5 స్టిక్కులతో అధికారిక స్పీడు 5200, నాలుగు వేస్తే 3600. అంత తేడా ఎందుకన్నది 4వ పాఠం.