పాత పెళ్లి ఫొటోల కాలనిర్ణయం – మూడవ పాఠం: రవిక చేతులు

గత రెండు పాఠాలలో ఫొటో వెనుకవైపును చదవడం నేర్చుకున్నాం. స్టూడియో ముద్రలో '600 017' అని ఉంటే ఆ అట్ట 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ అమలులోకి రాకముందుది కాజాలదనీ, పాత తపాలా మండలం సంఖ్యతో 'మద్రాసు-17' అని మాత్రమే ఉంటే అంతకు ముందుది అయ్యే అవకాశం ఎక్కువ అయినా పాత అట్టల నిల్వను ఆ తర్వాత కూడా వాడి ఉండవచ్చుననీ చెప్పుకున్నాం. ఇప్పుడు ఫొటోను ఇటు తిప్పి పెళ్లికూతురిని చూద్దాం.

చాలామంది చూపు ముందు నగల మీదికి పోతుంది. కాలనిర్ణయానికి అన్నిటికంటె తక్కువ ఉపయోగపడేవి అవే. వడ్డాణం, కాసులపేరు, వంకీలు, జడబిళ్లలు అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి కూతురికి వచ్చినవి కావచ్చు. పెళ్లిపూట మేనత్తనో పినతల్లినో అడిగి తెచ్చి పెట్టినవీ కావచ్చు. 1963లో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చి కొత్త నగలను 14 క్యారెట్లకు పరిమితం చేశాయి గనుక, నగలు పలచగా కనిపిస్తే ఆ తర్వాతి పెళ్లి అని కొందరు లెక్క వేస్తారు. ఈ లెక్క నిలబడదు. క్యారెట్టు ఫొటోలో కనబడదు, ఇంట్లో ఉన్న పాత బంగారాన్ని పెళ్లికూతురికి పెట్టకుండా ఎవరూ ఆగరు.

మధుపర్కాలదీ అదే సంగతి. తెల్లటి నేత, ఎర్రటి అంచు, పసుపు నీళ్లలో తడిపిన రంగు తరాలు గడిచినా పెద్దగా మారలేదు. బాసికం, పూలజడ, తలంబ్రాల పళ్లెం కూడా ఆచారానికి కట్టుబడినవే. అందుకే పీటల మీద తీసిన ఫొటో కంటె, పెళ్లయిన మర్నాడు స్టూడియోకు వెళ్లి తీయించుకున్నదీ, రిసెప్షన్‌లో కుర్చీలలో కూర్చోబెట్టి తీసినదీ మనకు ఎక్కువ చెబుతాయి. అక్కడ ఏం కట్టుకోవాలో పురోహితుడు చెప్పలేదు, అమ్మాయీ ఆమె స్నేహితురాళ్లూ నిర్ణయించుకున్నారు.

అయితే పీటల మీది ఫొటోలో కూడా ఒక్క వస్తువు మాత్రం దాదాపు ఎప్పుడూ ఆ పెళ్లి కోసమే, ఆ అమ్మాయి కొలతకే తయారవుతుంది. అది రవిక. చీర అరువు తేవచ్చు, నగ అరువు తేవచ్చు, రవికను మాత్రం దర్జీ కుట్టవలసిందే, దర్జీ ఆ ఏడాది అందరికీ ఏది కుడుతున్నాడో పెళ్లికూతురికీ అదే కుడతాడు. ఈ పాఠమంతా ఆ ఒక్కదాన్ని చదవడం గురించే.

ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాల ఫొటోలలో, మద్రాసులోని కలిగిన కుటుంబాల స్త్రీలు మెడ దాకా మూసిన, మోచేతిని దాటే చేతులున్న జాకెట్లు తొడుక్కుని కనిపిస్తారు. చేతి చివర లేసు, కుచ్చులు ఉంటాయి, పైట జారకుండా భుజం మీద బ్రూచి ఉంటుంది. అదే కాలంలో సామాన్య కుటుంబాల స్త్రీలు ముందు ముడివేసుకునే రవికలే తొడిగేవారు గనుక, లేసు లేనంత మాత్రాన ఫొటో తర్వాతి కాలానిదని అనుకోకూడదు. 1930లు, 40లలో చేతులు పొట్టివై భుజం దగ్గర ఉబ్బాయి. ఇవే బుట్ట చేతులు. 1950లలో ఆ ఉబ్బు తగ్గి, చేయి మోచేతికి కాస్త పైన ఆగి కండకు అతుక్కుంది. 1960లలో అది ఇంకా పొట్టిదైంది, రవిక నిడివి కూడా తగ్గి నడుము కనిపించింది, జుట్టు నడినెత్తిన ఎత్తుగా లేచింది. 1970లలో పొడుగు చేతులూ పొట్టి చేతులూ పక్కపక్కనే కనబడతాయి కాబట్టి ఆ దశకంలో రవికను ఒంటరిగా నమ్మవద్దు. 1980లలో బుట్ట చేతులు మళ్లీ వచ్చాయి. 1940ల బుట్టను 1980ల బుట్టతో పొరబడకుండా ఉండాలంటే రవిక నడుము దాకా దిగిందా లేదా చూడండి, ఫొటో కాగితాన్ని వేలితో తాకి చూడండి. ప్లాస్టిక్ పూత ఉన్న నునుపు కాగితం 1940లలో లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. కోడంబాక్కం, వడపళని స్టూడియోలలో తయారైన సినిమాలు చూసి కుట్టే దర్జీ టి.నగర్‌లో ఉంటే ఆ మోస్తరు రవిక పెళ్లికూతురికి వెంటనే అందుతుంది. నెల్లూరు జిల్లా పల్లె నుంచి మద్రాసు ఇంటికి కోడలిగా వచ్చిన అమ్మాయి రవికలో కొన్నేళ్ల వెనుకటి కుట్టు ఉండవచ్చు. కాబట్టి పెళ్లికూతురి దగ్గరే ఆగకుండా చుట్టూ నిలబడ్డ ఆడవాళ్లందరి చేతులూ చూడాలి. పెద్దావిడలు తమ యౌవనంలో అలవాటైన కుట్టునే చివరిదాకా తొడుక్కుంటారు. వయసొచ్చిన ఆడపిల్లలలో అందరికంటె కొత్త మోస్తరు ఎవరి ఒంటి మీద ఉందో ఆమే మనకు సాక్షి, ఎందుకంటే ఏ ఫొటో అయినా అందులోని అతి కొత్త వస్తువు కంటె పాతది కాజాలదు.

ఇప్పుడు రంగుల విషయం. ఇది నాకు ఈ విద్యలో అన్నిటికంటె ఇష్టమైన భాగం. నలుపు తెలుపు ఫొటోలో మధుపర్కం అంచు కాటుకలా నల్లగా కనిపిస్తే కొత్తవారు తికమక పడతారు, పెళ్లికి నల్లంచు కట్టరు గదా అని. అది ఎరుపే. ఆర్థోక్రొమాటిక్ ప్లేటుకు, ఫిల్ముకు ఎరుపు కనబడదు. అందువల్ల కుంకుమ బొట్టు, పారాణి, పెదవులు, ఎర్రంచు అన్నీ నలుపుకు దగ్గరగా దిగుతాయి, నీలం మాత్రం వెలిసినట్టు తెల్లబడుతుంది. తర్వాత వచ్చిన పాంక్రొమాటిక్ ఫిల్ములో ఎరుపు బూడిద రంగులో దిగుతుంది. భూతద్దం పెట్టి అంచు నలుపును పెళ్లికూతురి జుట్టు నలుపుతో పోల్చండి. రెండూ సమానంగా ఉంటే, బొట్టు కూడా అంతే నల్లగా ఉంటే, అది ఆర్థో. అయితే ఎర్రదీపం వెలుతురులో కళ్లతో చూస్తూ ఫిల్మును కడగవచ్చు గనుక స్టూడియోల వారు ఆర్థోను చాలాకాలం వదలలేదు, కాబట్టి దీన్ని బట్టి సంవత్సరం తేల్చకండి. చీర రంగును తప్పుగా ఊహించకుండా కాపాడుకోవడానికి ఇది పనికివస్తుంది. చేత్తో రంగులు వేసిన ఫొటోలలోనైతే చీర రంగును అసలు లెక్కలోకి తీసుకోవద్దు.

ఇప్పుడు ఒక ఫొటోను కలిసి చదువుదాం. మేడ మీద తీసిన బృందం ఫొటో అనుకోండి. పెళ్లికూతురివి బుట్ట చేతులు. కుర్చీలో కూర్చున్న ముసలావిడ జాకెట్టు చేతులకు లేసు ఉంది. వెనుక నిలబడ్డ ఆడపడుచు చేతులు మాత్రం మోచేతికి పైన అతుక్కుని, ఉబ్బు లేకుండా ఉన్నాయి. వెనుక 'మద్రాసు-17', కాగితం మీద 'గేవర్ట్' అన్న ముద్ర ఉన్నాయి. ఆ ఫొటో కాగితం కంపెనీ 1964లో ఆగ్ఫాతో కలిసింది గనుక కాగితం అంతకు ముందు తయారైనదయ్యే అవకాశం ఎక్కువ. ఆడపడుచును బట్టి 1940ల చివరి నుంచి 1950ల మధ్య దాకా అని రాసుకుందాం. దీనికి తోడు శుభలేఖ ముక్క దొరికి అందులో 'నందన నామ సంవత్సర మాఘమాసం' అని ఉంటే పని పూర్తయినట్టే. నందన అరవయ్యేళ్లకొకసారి వస్తుంది: 1892-93, 1952-53, 2012-13. వీటిలో ఏది అన్నది ఆడపడుచు రవిక చెప్పేసింది. కనుక పెళ్లి 1953 జనవరి, ఫిబ్రవరి నెలలలో జరిగింది. పొట్టి శ్రీరాములుగారు ఇదే మద్రాసులో 1952 డిసెంబరు 15న ప్రాణాలు విడిచారు. 'ఆయన పోయాక వచ్చిన మాఘంలో పెళ్లి' అని ఇంట్లో పెద్దవాళ్లెవరైనా చెబితే ఆ మాటను ఫొటో వెంట రాసి ఉంచండి.

పెళ్లికూతురు పట్టుపరికిణీ కట్టిన చిన్నపిల్ల అయితే, అది బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం అమలులోకి వచ్చిన 1930 ఏప్రిల్ 1కి ముందుదని తేల్చేయకండి. చట్టం వచ్చాక కూడా అలాంటి పెళ్లిళ్లు జరిగాయి. అక్కడా పక్కనున్న ఆడవాళ్ల రవికలనే అడగాలి.

అభ్యాసం: మీ ఇంట్లో తేదీ కచ్చితంగా తెలిసిన పెళ్లి ఫొటోలు నాలుగైదు తీసుకుని, తేదీలను కాగితంతో కప్పి, ప్రతి ఫొటోలోనూ అతి కొత్త మోస్తరు చేతులున్న స్త్రీని గుర్తించి, ఆమెను బట్టి ఒక పదేళ్ల వ్యవధిని రాసుకోండి. ఆ తర్వాతే తేదీ చూడండి. ఎక్కడ తేడా వచ్చిందో, ఆమె పెరిగింది పల్లెలోనా పట్నంలోనా అన్నది పక్కన రాయండి. నాలుగవ పాఠంలో పెళ్లికొడుకు కోటు, తలపాగా, బూట్లు చూస్తాం. అప్పుడు ఈ కాగితం అవసరమవుతుంది.