కెమెరాతో అడవిలో ఒంటరిగా: ఒక్క షాట్‌కి మూడు నడకలు

అడవిలో ఒంటరిగా ఉంటూ మనల్ని మనమే వీడియో తీసుకోవాలంటే ముందు నడక లెక్క తెలియాలి. చెట్ల మధ్య నడిచి వెళ్లే షాట్ ఒకటి కావాలనుకోండి. ట్రైపాడ్ నిలబెట్టి, రికార్డ్ నొక్కి, అవతలికి నడుస్తాం. కెమెరా కోసం వెనక్కి వస్తాం. దాన్ని భుజాన వేసుకుని అదే దారిలో మళ్లీ పోతాం. కడుపులో తిండి తక్కువున్నప్పుడు ఈ రెండు అదనపు నడకలే ప్రాణం తీస్తాయి. అందుకే నేను రోజుకి రెండు నడక షాట్లే తీస్తాను.

తెనాలిలో పన్నెండేళ్లు పెళ్లి వీడియోలు తీశాను. ఇప్పుడు ఉండేది కెనడాలోని వాంకూవర్ ద్వీపంలో. పదిమందిని విడివిడిగా అడవిలో వదిలి, ఎవరి బతుకు వాళ్లనే వీడియో తీసుకోమన్న టీవీ షో 'అలోన్' మొదటి సీజన్‌కి చోటు ఈ ద్వీపం ఉత్తర భాగమే. 2015లో ప్రసారమైంది. గెలిచినాయన 56 రోజులు ఉన్నాడు. ఒక చిన్న ఛానెల్‌లో అరగంట కార్యక్రమం కోసం నేను ఉన్నది అక్టోబరులో నాలుగు రాత్రులు. నవ్వుకోండి, పర్లేదు.

వెళ్లేముందు అనుమతులు కనుక్కోండి. ఎక్కడ ఉంటారో, ఏ రోజుకి తిరిగొస్తారో ఇంట్లో కాగితం మీద రాసిపెట్టండి. శాటిలైట్ ఫోన్ ఉంటే ఒంటరితనం అబద్ధమైపోదు. ఆ షోలో వాళ్లకీ ఇచ్చారు.

మొదటి రోజు గూడు కట్టేదాకా కెమెరా సంచీలోంచి తీయొద్దు. నేను తీశాను. సాయంకాలం వెలుగు బాగుందని సముద్రం ఒడ్డున గంటసేపు షాట్లు పెట్టుకుంటూ కూర్చున్నా. బరకం సగం కట్టేసరికి చీకటి, దాని వెనకే వాన. సీను బ్రహ్మాండంగా వచ్చింది, నేను మాత్రం తడిసి ముద్దయ్యాను.

నిప్పు రాజేయడం తాళి కట్టడం లాంటిది, రెండో టేక్ ఉండదు. ముందు ఫ్రేము పెట్టి, ఫోకస్ చేతుల మీద లాక్ చేసి, అప్పుడు గీయాలి. పొగ లెన్స్ మీదికి రాకుండా కెమెరా గాలి వచ్చే వైపు ఉండాలి. ఇక్కడ ఎర్ర సీడార్ చెట్టు బెరడు లోపలి పొరని కొబ్బరి పీచులా నలిపితే నిప్పు ఇట్టే అంటుకుంటుంది. రాలిపడ్డ మానునించే తీసుకోండి.

చలికి బ్యాటరీలు తొందరగా చచ్చిపోతాయి. నిండువి చొక్కా లోపల కుడి జేబులో, అయిపోయినవి ఎడమ జేబులో. రాత్రి నిండువాటిని స్లీపింగ్ బ్యాగులో పొట్ట దగ్గర పెట్టుకుని పడుకుంటాను. కెమెరాని మాత్రం వెచ్చని చోటికి తేవద్దు, లెన్స్‌కి చెమ్మ పడుతుంది. గాలి చొరబడని కవర్లో చుట్టి బయటే, వాన తగలని చోట ఉంచండి.

ఒడ్డున రాళ్లకి ఆల్చిప్పలు గుత్తులుగా కనిపిస్తాయి. పీక్కుని కాల్చుకు తింటే టీవీలో బాగుంటుంది. కానీ సముద్రపు నాచు విషం వాటిలో చేరి ఉండొచ్చు, అది ఉడికించినా పోదు. ఆ తీరం ఏరుకోడానికి తెరిచి ఉందో లేదో మత్స్యశాఖ ప్రకటన చూసుకోకుండా ముట్టుకోవద్దు. తిండి సామాను ఎలుగుబంట్లకి అందకుండా పడకకి దూరంగా, ఎత్తున కట్టండి.

ఇక కెమెరాతో మాట్లాడటం. రోజూ ఒకే వేళకి ఐదు నిమిషాలు మాట్లాడి, వెంటనే వెనక్కి తిప్పి వినండి. ఇది ఎడిటింగ్ కోసం కాదు. ఒళ్లు మరీ చల్లబడితే మాట ముద్దగా వస్తుంది, అది మనకి తెలియదు. మూడో సాయంత్రం నా మాట నేనే విన్నాను. 'పొయ్యి' అనలేక రెండుసార్లు తడబడ్డాను. ఛానెల్ వాళ్లు అడిగింది ఇంగ్లీషు, నేను మాట్లాడింది తెలుగు. అదీ తెలియలేదు. వెంటనే తడి బట్టలు మార్చి, బెల్లం ముక్క నములుతూ, వేడినీళ్లు గుటకలు గుటకలుగా తాగాను. ఒళ్లు వెచ్చబడకుండానే వణుకు ఆగిపోతే మాత్రం ఇంకేం ఆలోచించొద్దు, ఫోన్ చేసేయండి.

ఆ హడావుడిలో రికార్డింగ్ ఆపడం మరిచిపోయాను. ఒక నిండు బ్యాటరీ అయిపోయింది. నలభై నిమిషాలపాటు నా వీపూ, దానిమీద దుప్పటీ. ఎడిటరు అందులోంచి పదకొండు సెకన్లు వాడాడు.