వానకు ఒరిగిన పడవ: నాకు పనిచేసిన పద్ధతి

చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలకు, ఒడ్డున స్టాండ్ల మీద పెట్టిన మా 24 అడుగుల తెరచాప పడవ ఒకపక్కకి ఒరిగింది. ఒక స్టాండు కాలు ఇసుకలోకి దిగబడింది. స్క్రూ బిగించాను, ఇటుక పెట్టాను, తాడు కట్టాను, ఏదీ నిలవలేదు.

చివరికి క్రేన్‌తో ఎత్తించి మళ్లీ మొదలుపెట్టాం. ముందుగా కీల్ (పడవ అడుగున కిందికి దిగి ఉండే బరువైన భాగం) కింద మందపాటి చెక్క దిమ్మలు పేర్చి బరువంతా వాటిమీద కూర్చోబెట్టాం. స్టాండ్లు ఒరగకుండా ఆపడానికే, మొయ్యడానికి కాదు. నా తప్పంతా ఇక్కడే. తర్వాత ప్రతి కాలి కింద ప్లైవుడ్ ముక్క. పడవ పొట్టను తట్టి చూసి, బోలుగా మోగని చోట, అంటే లోపల అడ్డగోడ ఉన్నచోట, స్టాండు పైకొనన ఉండే ప్యాడ్ ఆనించాం. ఎదురెదురు స్టాండ్లు జారిపోకుండా పడవ కింద నుంచి గొలుసుతో కలిపి బిగించాం. టార్పాలిన్ తాళ్లు మాత్రం స్టాండ్లకు కట్టలేదు. గాలి కొడితే స్టాండును అవే లాగేస్తాయి!

ఈసారి వానలకు కదల్లేదు. మాది ఫిన్ కీల్, అంటే చేప రెక్కలా కిందికి పొడుచుకొచ్చే కీల్. వేరే రకం పడవకు ఇదే సరిపోతుందని చెప్పలేను.