బరంపురం, పర్లాకిమిడి వైపు పీర్ పనికి దిగేవాళ్లకి

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. అటు గంజాం, పక్కన గజపతి, ఆ పైన రాయగడ. ఈ జిల్లాల్లో సెక్స్ వర్క్ చేసి బతికే ఆడవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. కొందరు అక్కడే పుట్టి పెరిగారు. ఇంకొందరు పలాస, పాతపట్నం, పార్వతీపురం వైపు నుంచి పొద్దున బస్సెక్కి, చీకటి పడేలోపు ఇల్లు చేరతారు. తెలిసినవాళ్ల కంట పడకూడదనే సరిహద్దు దాటతారు. ఆ సరిహద్దే హెచ్ఐవీ పరీక్షలు, మందుల దగ్గర అడ్డమవుతుంది. మనిషి ఏ రాష్ట్రం లిస్టులోనూ ఉండదు. లేదంటే రెండింట్లోనూ ఉంటుంది, ఎవరికి వాళ్లు "అటువైపు వాళ్లు చూసుకుంటారులే" అనుకుంటారు. తోటి ఆడవాళ్లలోంచి వచ్చి, వాళ్లకి నిరోధ్, పరీక్ష, మందుల సంగతి చూసే పీర్ మాత్రమే ఆ మనిషిని రెండు వైపులా పట్టి ఉంచగలదు.

ముందు ఊరిని తెలుసుకోవాలి

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమంలో ఒక పీర్‌కి సుమారు 60 మందిని అప్పగిస్తారు. వాళ్ల పేర్లు రాసుకునే ముందు, పని తెలిసిన ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లని కూర్చోబెట్టి నేల మీద సుద్దముక్కతో ఊరి పటం గీయండి. బస్టాండు, రైల్వే స్టేషను, లాడ్జీల సందు, 16వ నంబరు హైవే మీద ధాబాలు, సారా దుకాణం, వారపు సంత అన్నీ అందులో ఉండాలి. ఒక్కో చోట ఏ రోజు, ఏ వేళ, ఎంతమంది ఆడవాళ్లు ఉంటారో, నిరోధ్ ఎక్కడ దొరుకుతుందో, ఎవరు గొడవ చేస్తారో, ఏ పాన్‌షాపువాడు, ఏ ఆటో అబ్బాయి సాయపడతాడో రాయండి. సంత రోజు లెక్క మామూలు రోజు లెక్కతో కలపకండి.

గంజాంలో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. సూరత్ మగ్గాల మీద పనికి వెళ్లిన మగవాళ్లు పండగలకి ఊరొస్తారు. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్ర నెలలో ఊరు కిక్కిరిసిపోతుంది. కస్టమర్లు పెరిగే ఆ వారాలకి రెండు నెలల ముందే నిరోధ్‌లు ఎక్కువ కావాలని ఆఫీసుకి రాసి ఇవ్వాలి. యాత్ర మొదలయ్యాక అడిగితే, సరుకు చేరేసరికి యాత్ర అయిపోతుంది.

ఫోన్ల మీద నడిచే పని ఏ పటంలోనూ కనపడదు. ఇంట్లోనే ఉంటూ ఫోను వస్తేనే వెళ్లే మనిషిని, ఆమెకి తెలిసిన ఇంకో మనిషే పరిచయం చేయాలి. అందుకే కలిసిన ప్రతి ఒక్కరినీ "నీకు తెలిసినవాళ్లు ఇంకెవరున్నారప్పా?" అని అడగండి. చెప్పకపోతే ఒత్తిడి చేయకండి. మూడోసారికో నాలుగోసారికో ఆమే చెబుతుంది. పటాన్ని మూడు నెలలకోసారి మళ్లీ గీయండి, చోట్లు మారుతుంటాయి.

మొదటి మాట

మొదటి రోజే రిజిస్టరు తెరిస్తే రెండో రోజు ఆ మనిషి కనపడదు. తెలుగుతో మొదలుపెట్టండి. "ఏటప్పా, ఒంట్లో బాగుందా? టీ తాగుదామా?" అంటే చాలు. మీరూ అదే పని చేస్తారనో, చేసి వచ్చారనో ఆమెకి అర్థమైతే సగం భయం పోతుంది. ఊరు, ఇల్లు, మొగుడు, పిల్లల గురించి ఆమె చెప్పేదాకా అడగకండి.

లెక్క అడిగే తీరు కూడా ఉంది. "వారానికి ఎంతమంది?" అంటే సిగ్గుతోనో అనుమానంతోనో తక్కువ చెబుతారు. "నిన్న వెళ్లావా? మొన్న? సంత రోజు?" అని రోజు రోజూ అడిగితే నిజమైన లెక్క వస్తుంది. చదువు రాని పీర్లు బొమ్మలతో రాసుకోవచ్చు. వారానికి పదిమంది దాటితే ఎర్ర చుక్క, తాగే అలవాటుంటే సీసా, దెబ్బలు తిన్నదైతే కర్ర, పనికి కొత్తదైతే మొలక. మొలక, కర్ర ఉన్నవాళ్లని వారానికోసారి, మిగతావాళ్లని కనీసం పదిహేను రోజులకోసారి కలవాలి. కొత్తవాళ్లకి బేరమాడటం రాదు, ఎక్కువ డబ్బిస్తానంటే నిరోధ్ లేకుండా ఒప్పుకుంటారు. జబ్బు ముందు సోకేది వాళ్లకే.

పుస్తకంలో పేరు రాయకండి, కోడ్ నంబరే రాయండి. ఏ నంబరు ఎవరిదో చెప్పే కాగితం వేరే చోట తాళంలో ఉండాలి. పుస్తకం ఆటోలో మరిచిపోయినా ఎవరి కొంపా మునగకూడదు. ఇచ్ఛాపురం వైపు కూడా ఆమె పేరు నమోదై ఉందేమో ఆమెనే అడగండి. ఉంటే అక్కడి కోడ్ కూడా రాసుకోండి. ఆమె ఒప్పుకుంటే అటు పీర్‌తో మాట్లాడి, పరీక్ష ఎక్కడ, మందులు ఎక్కడ అనేది ఇద్దరూ తేల్చుకోండి.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల కనపడినా, ఎవరో బలవంతంగా పెట్టి ఉంచిన మనిషి కనపడినా అది లిస్టులో రాసుకునే వ్యవహారం కాదు. పిల్లల కోసం 1098కి, పెద్దవాళ్లయితే 112కో 181కో ఫోను చేసి, మీ సంస్థలో పెద్దవాళ్లకి అదే రోజు చెప్పాలి.

నిరోధ్: లెక్క, తీరు

అందరికీ తలా యాభై పంచడం చాలాచోట్ల జరిగే తప్పు. వారానికి ఇద్దరు కస్టమర్లున్న మనిషి ఇంట్లో అవి మిగిలి కాలం చెల్లుతాయి. వారానికి పద్దెనిమిది మంది ఉన్న మనిషికి ఇరవయ్యో తారీకు నాటికే అయిపోతాయి. వారానికి 8 మంది అయితే నెలకి 35 దాకా, చిరిగినవాటికీ పోయినవాటికీ పదింట ఒకటి కలిపితే దగ్గర దగ్గర 40. కొట్టులో కొనుక్కునేవి అందులోంచి తీసేయండి. మిగిలింది ఆమె కోటా.

ఇవ్వడంతో పాటు చేసి చూపించాలి. బొమ్మ మీద మీరొకసారి చేయండి, తర్వాత ఆమె చేతికివ్వండి. ప్యాకెట్ మీద తారీకు చూసి, బొటనవేలితో నొక్కండి. లోపల గాలి బుడగలా అటూ ఇటూ కదిలితే మంచిది. చప్పగా అణిగిపోతే ఎక్కడో చిల్లు పడింది, పారేయండి. లోపలి ముక్కని వేలితో ఒక పక్కకి నెట్టి రెండో పక్క చింపాలి, పళ్లతో కాదు. ఉంగరం, గోరు తగలకుండా తీయాలి. చుట్ట పైకి ఉండేలా పట్టుకోవాలి. తిరగేసి పెట్టి విప్పుకోకపోతే దాన్నే మళ్లీ తిప్పి వాడకూడదు, కొత్తది తీయాలి. కొసని రెండు వేళ్లతో నొక్కి గాలి తీసేసి మొదలుదాకా విప్పాలి. గాలి మిగిలితే చిరిగిపోయేది అక్కడే. అయ్యాక గట్టిదనం తగ్గకముందే అంచు పట్టుకుని బయటికి తీసి, ముడి వేసి, కాగితంలో చుట్టి పారేయాలి.

కొబ్బరి నూనె, వ్యాజిలిన్ రాస్తే నిమిషాల్లోనే రబ్బరు బలం పోతుంది. నీటి ఆధారిత జెల్ వాడాలి. రెండు నిరోధ్‌లు కలిపి వేసినా ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి. జాకెట్టులో చెమటకి తడిసేలా, రేకుల ఇంట్లో కప్పు కింద దాచొద్దు. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెడితే నలగవు.

కస్టమర్‌తో వాడే మనిషి కూడా ఇంట్లో మొగుడితోనో, ఏళ్లుగా తోడున్న మనిషితోనో వాడదు. వాడమంటే అనుమానిస్తాడని, ప్రేమ లేదంటాడని భయం. "ఎలాగైనా వాడాలి" అని ఉపదేశం చేస్తే పని జరగదు. "డాక్టరు గర్భం రాకుండా ఆరు నెలలు వాడమన్నారు" అనే మాట చాలామందికి దారి చూపింది. ఆ మనిషిని కూడా పరీక్షకి తీసుకురావడం దానికంటే మేలు.

క్లినిక్, పరీక్ష

ఒంట్లో బాగున్నా మూడు నెలలకోసారి డాక్టరు చూడాలి. ఆరు నెలలకోసారి హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేయించాలి. తెల్లబట్ట, మంట, పుండు, పొత్తికడుపు నొప్పి ఉంటే ఆ తేదీల కోసం ఆగకూడదు. సర్కారు ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లలో మందులు రంగుల కిట్లలో ఉచితంగా ఇస్తారు. తెల్లబట్టకి ఆకుపచ్చ కిట్, పొత్తికడుపు నొప్పికి పసుపు కిట్. పసుపు కిట్ పద్నాలుగు రోజులు వాడాలి. నొప్పి మూడో రోజే తగ్గుతుంది కాబట్టి చాలామంది అక్కడితో మానేస్తారు. జబ్బు లోపలే ఉండిపోయి తర్వాత గర్భసంచికి చేటు చేస్తుంది. నాలుగో రోజు, ఎనిమిదో రోజు వెళ్లి స్ట్రిప్ చూడండి. లోపల డెట్టాలుతోనో సబ్బుతోనో కడుక్కోవడం మాన్పించండి. దానివల్ల పొర ఒరిసి జబ్బు తేలిగ్గా ఎక్కుతుంది.

వేలి మీద గుచ్చి చేసే పరీక్షలో గీత కనపడినంత మాత్రాన జబ్బు ఉందని చెప్పకూడదు. ఐసీటీసీలో (సర్కారు హెచ్ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రంలో) మూడు వేర్వేరు కిట్లతో చూశాకే ఖాయం. జబ్బు లేదని వచ్చినా, చివరి మూడు నెలల్లో నిరోధ్ లేకుండా జరిగి ఉంటే మళ్లీ చూపించుకోవాలి. అక్కడ కౌన్సెలర్ ఒడియాలోనే మాట్లాడితే మీరు పక్కనుండి తెలుగులో చెప్పండి. కానీ ఫలితం చెప్పే వేళ లోపలికి రావచ్చా అని ముందు ఆమెనే అడగండి. చాలామంది వద్దంటారు, నొచ్చుకోకండి. హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017 ప్రకారం ఆమె ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. ఆ నియమం పీర్‌కీ వర్తిస్తుంది. ఒక్కసారి నోరు జారితే 60 మందీ దూరమవుతారు.

పాజిటివ్ వస్తే

వారంలోపు ఏఆర్‌టీ (హెచ్ఐవీ మందులిచ్చే) కేంద్రానికి చేర్చాలి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఉంది. మొదటిసారి మీరే వెంట వెళ్లండి. మాత్ర రోజుకొక్కటే. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ అందులో ఉంటాయి. రక్తం తక్కువని ఐరన్, కాల్షియం మాత్రలు కూడా వాడే మనిషైతే, డోలుటెగ్రావిర్ మాత్ర వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. కలిపి ఖాళీ కడుపున వేసుకుంటే మాత్ర ఒంటికి సరిగా పట్టదు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉంటే టీబీ పరీక్ష చేయించాలి. టీబీ మందులు వాడుతుంటే ఏఆర్‌టీ డాక్టరుకి తప్పకుండా చెప్పాలి, డోలుటెగ్రావిర్ మోతాదు పెంచుతారు.

ఆరు నెలలకి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూస్తారు. ఆ లెక్క పరీక్షకే అందనంత తగ్గి, అలాగే ఉంటే, మాత్రలు మానకుండా ఉన్నంతకాలం ఆమె నుంచి పడక మీద ఇంకొకరికి సోకదు. ఈ మాట చెవిన పడగానే చాలామంది ముఖం మారిపోతుంది. అయినా సుఖరోగాలకీ, గర్భానికీ నిరోధ్ కావాలి.

మందు తప్పేది ఎక్కువగా ప్రయాణాల్లో. ఇంటికని పాతపట్నం వెళ్లి నెల్లాళ్లు ఉండిపోతుంది, సూరత్ వెళ్లిన మనిషి వెంట వెళ్లిపోతుంది. వెళ్లే ముందే కేంద్రంలో చెబితే ఎక్కువ రోజులకి మందులు ఇస్తారు. అక్కడే ఉండిపోయేట్టయితే ట్రాన్స్‌ఫర్ రాయించుకోవాలి. చెప్పకుండా వెళ్లిపోయినా, కేంద్రంలో ఇచ్చిన పుస్తకం మీద ఉన్న ఏఆర్‌టీ నంబరు ఉంటే దేశంలో ఏ కేంద్రంలోనైనా వివరాలు తీయించుకోవచ్చు. అందుకే ఆ పుస్తకం మొదటి పేజీని ఫోటో తీసి ఆమె ఫోనులోనే, ఇంటివాళ్లు చూడని చోట దాచిపెట్టించండి. మీ ఫోనులో వద్దు. మాత్రల సీసా ఇంట్లో పెట్టలేనివాళ్లు పైన కాగితం ఊడదీసి, లోపల తేమ పీల్చే చిన్న సంచీ తీయకుండా, వేరే డబ్బాలో పెట్టుకోవచ్చు. ఆధారు ఆంధ్రదన్న కారణంగా ఏఆర్‌టీ నిరాకరించకూడదు. అలా ఎవరైనా అంటే 1097కి ఫోను చేయండి, ఉచితం, రహస్యం.

దెబ్బలు, పోలీసులు

నిరోధ్ చిరిగినా, బలవంతం జరిగినా 72 గంటల్లోపు పెప్ (హెచ్ఐవీ సోకకుండా వేసుకునే) మందు మొదలుపెట్టాలి. మొదటి రెండు గంటల్లో అయితే మరీ మంచిది. 28 రోజులు వాడాలి. ఇది రాత్రి పూట కూడా సర్కారు ఆసుపత్రి క్యాజువాలిటీలో అడగాల్సిన మందు. పగటి వేళ ముందే వెళ్లి ఎవరి దగ్గర, ఏ బీరువాలో ఉంటుందో కనుక్కుని ఉంచండి, ఆ రాత్రి వెతకాల్సి రాదు. అత్యాచారానికి గురైనవాళ్లకి ప్రైవేటు ఆసుపత్రి కూడా ఉచితంగా వైద్యం చేయాలని చట్టం. ఫిర్యాదు ఇవ్వాలనుకుంటే స్నానం చేయకుండా, బట్టలు ఉతకకుండా వెళ్లాలి.

సంచిలో నిరోధ్‌లు దొరికాయని పోలీసులు పట్టుకున్నప్పుడు పనికొచ్చేది సుప్రీంకోర్టు 2022 మే 19న ఇచ్చిన ఆదేశం. నిరోధ్‌ను నేరానికి సాక్ష్యంగా వాడకూడదనీ, సెక్స్ వర్కర్లని పోలీసులు గౌరవంగా చూడాలనీ, తిట్టడం, కొట్టడం చేయకూడదనీ అందులో ఉంది. కాపీలు ఒడియాలోనూ తెలుగులోనూ తీయించి ప్రతి పీర్ సంచిలో పెట్టండి. స్టేషనుకి ఒక్కరే వెళ్లకండి. ఇద్దరు పీర్లు, సంస్థ నుంచి ఒకరు, వీలైతే లీగల్ సర్వీసెస్ అథారిటీ వకీలు కలిసి వెళ్లండి. ఆమెని ఏ సమయానికి తెచ్చారో, ఎవరితో మాట్లాడారో అక్కడే రాసుకోండి.

కలిసి కూర్చోవడం

నెలకోసారి డ్రాప్-ఇన్ సెంటరులో (ఆడవాళ్లు వచ్చి కాసేపు ఉండే సంస్థ గదిలో) కూర్చోవడం మొక్కుబడి మీటింగు అయితే ఎవరూ రారు. స్నానానికి నీళ్లు, పడుకోవడానికి చాప, పిల్లల్ని కాసేపు చూసే మనిషి ఉంటే వస్తారు. పాజిటివ్ వాళ్లకి వేరే పూట పెట్టండి. తలుపు మీద బోర్డు వద్దు. కలిసి నెలకి యాభయ్యో వందో వేసుకుంటే ఆసుపత్రికి ఆటో ఛార్జీ, కేసు పడిన రాత్రి ఖర్చు అందులోంచే వెళ్తాయి. లెక్క ఇద్దరి చేతుల్లో ఉండాలి, డబ్బా తాళం మూడో మనిషి దగ్గర.